ఆఖరి బెంచీ వెనక ఇంకో కుర్చీ

సూర్ ఊళ్ళో సముద్రం
బడిగంటను లెక్కచేయదు.
ఏడో తరగతి కిటికీలోంచి చూస్తే
నీళ్ళు ఒకపూట గోడదాకా వస్తాయి,
ఒకపూట పడవల్ని బురదలో పక్కకి వాల్చి పోతాయి.
పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను గానీ
పాఠంలోకి పిలవాలని తోచలేదు.

జనవరిలో యూనివర్సిటీ నుంచి ఒప్పందం వచ్చింది.
అరబ్బీ ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క,
అడుగున రెండు ముద్రలు.
వారానికి మూడు రోజులు మీ తరగతిలో మా అమ్మాయి,
పదిహేను రోజులకోసారి మా ప్రొఫెసరు.
ప్రిన్సిపాల్ సంతకం చేసి నా వైపు చూశారు
పొరుగింటి పిల్లను కాస్త ఎత్తుకోమన్నట్టు.
"వాళ్ళకి క్రెడిట్లు, మనకి చాకిరీ"
అంది స్టాఫు రూములో వల్సమ్మ టీచరు.
నేనూ అవునన్నాను.

ప్రొఫెసరు ట్యునీసియా మనిషి. పేరు మున్సిఫ్.
నవ్వు ఆగలేదు నాకు.
మా గద్వాలలో మున్సిఫ్ అంటే కోర్టు,
చేనుగట్టు తగాదాకి మా నాయన పదకొండేళ్ళు
చెప్పులరగదీసిన మెట్లు.
ఈ మున్సిఫ్ చేతిలోనూ ఒక కాగితం,
ఇరవై నాలుగు గళ్ళు,
ఒక్కో గడికి ఒకటి నుంచి అయిదు.

అమ్మాయి పేరు రయ్యా.
అబాయా అంచున మార్కరు మరక.
మొదటి వారమంతా బోర్డుతోనే మాట్లాడింది.
ఇటు తిరగమని అనలేకపోయాను.
నా మొదటి ఏడు నేనూ అంతే,
చూడ్డానికి ఎవరూ రాలేదు, అదొక్కటే తేడా.
తలుపు మూసుకుని ఒంటరిగా తప్పులు చేసి
అవి అలవాటయ్యాక
అనుభవమని పేరు పెట్టుకున్నాను.

మూడో వారం. రుణ సంఖ్యలు.
ఫర్హాన్ అని బక్కపల్చని పిల్లాడు లేచాడు.
"మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవ్వాలి మిస్?"
రయ్యా నా వైపు చూసింది.
నేను మున్సిఫ్ వైపు చూశాను.
మున్సిఫ్ తన కాగితం వైపు చూశాడు.
ఏ గడిలోనూ లేదు.

ఇన్నేళ్ళూ నా జవాబు ఒకటే:
"రూలు. రాసుకోండి."
అది నాలిక చివరిదాకా వచ్చి
ఎందుకో సిగ్గుపడి ఆగింది.
"రేపు చెప్తాం" అన్నాను.
చెప్తాను అనలేదు.

బస్సులు వెళ్ళిపోయాక ల్యాబులో ముగ్గురం.
మున్సిఫ్ తిరుగులేని నిరూపణ రాశాడు.
"పన్నెండేళ్ళ బుర్రకి ఇది ఎక్కదు సార్."
నేను అప్పులు, బాకీలు అన్నాను.
"అప్పును అప్పుతో గుణించడమేమిటి మేడమ్?"
కాసేపు గట్టు తగాదా.

అప్పుడు రయ్యా, గొంతు సవరించుకుని:
పడవలు చేసే మా తాత
ఒడ్డున గుంజకి గాట్లు పెట్టేవాడు, నీటి లెక్కకి.
నీళ్ళు తీస్తున్నాయనుకోండి,
గంటకి రెండు గాట్లు కిందకి, అది మైనస్ రెండు.
మూడు గంటలు వెనక్కి పోదాం, మైనస్ మూడు.
అప్పుడు నీళ్ళెక్కడున్నాయి?

ఆరు గాట్లు పైన.
ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మున్సిఫ్ గళ్ళ కాగితం తిప్పి
వెనక తెల్లని వైపు ఆ గుంజ బొమ్మ వేశాడు,
కింద రయ్యా పేరు రాశాడు.
యూనివర్సిటీలో తన క్లాసుకి పట్టుకెళతాడట.
నేను నా పాత నోట్సు తీసి
రూలు అన్న మాట కొట్టేశాను, పెన్నుతో.

మర్నాడు పిల్లలంతా కిటికీ దగ్గర.
తీరా చూస్తే నీళ్ళు తీయడం లేదు, ఎక్కుతున్నాయి.
మా లెక్క అక్షరాలా నీళ్ళపాలు.
రయ్యా నా వైపు చూడలేదు ఈసారి.
"సరే, గుర్తు మార్చి వేద్దాం" అంది,
వీపు బోర్డుకి, మొహం పిల్లలకి.
ఫర్హాన్ ఒప్పుకున్నట్టే తలూపి
"మరి సున్నాతో భాగిస్తే?" అన్నాడు.

జూన్‌తో ఒప్పందం సరి.
వచ్చే ఏటి కాగితం ఇంకా రాలేదు.
తన బయాలజీకీ ఒకర్ని పంపమని అడగమంటోంది
వల్సమ్మ టీచరు, వేరెటో చూస్తూ.
ఆఖరి బెంచీ వెనక నేనొక కుర్చీ ఉంచాను.
ఎవరిదీ కాదని ప్యూను రెండుసార్లు పట్టుకుపోయాడు.
రెండుసార్లూ వెళ్ళి తెచ్చుకున్నాను.